చీఫ్ గెస్టు కారు కదిలినాకే అసలు సభ

పోయిన నెల ఈ పేజీలో ఒక్క ముక్క రాసినా, పుష్యమాసంలో మన రాయలసీమ పక్క చిన్న ఊర్లలో సాహిత్య సభలు పెడతారు, వీలైతే ఒకదానికి పోయిరాండి అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు దారి అడిగినారు, కొందరు తగాదాకొచ్చినారు, కర్నూలు నుంచి ఒక పెద్దాయన అయితే నాలుగు పేజీలు తిట్టి పంపినారు, చదివితే అందులో మూడు పేజీలు న్యాయమే. అన్నీ వేసేదానికి జాగా లేదు. పేర్లు వద్దని చానామంది రాసినారు, కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊరు మాత్రం ఉంటాది.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె, పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. జమ్మలమడుగు పక్క ఒక చిన్న ఊర్లో రెండు రోజుల సాహిత్య సభలని ఇన్విటేషన్ వచ్చింది. జైపూర్ సాహిత్య ఫెస్టివల్‌కు ఒకసారి పోయినా, అక్కడ ప్రతి గంటకూ ఏముందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఇక్కడ "ఉదయం 9.30కి జ్యోతి ప్రజ్వలన" అని, కింద ఇరవై పేర్లు, అంతే. భార్యా ఇద్దరు పిల్లలూ కూడా వస్తామంటున్నారు. ఎట్లా ప్లాన్ చేసుకోవాలి? (బెంగళూరు)

జవాబు: నాయనా, ముందు జైపూర్‌ని మర్చిపో. ఇక్కడ 9.30 అంటే పదకొండు. ఇదేం దాచేది కాదు, ఇన్విటేషన్ రాసినాయనకూ తెలుసు, అచ్చేసినాయనకూ తెలుసు. ఎందుకట్ల అంటే సభ మొత్తం నడిపేది నలుగురైదుగురు, వాళ్లలో ఒకరు స్కూల్లో తెలుగు సారు, ఒకరు ఎల్‌ఐసీ ఏజెంటు, ఒకరికి మందుల షాపు, పొద్దున్నే మైకాయన్ని తలుపు కొట్టి లేపేది వాళ్లే, కుర్చీలు ఆటోలో ఎక్కించుకోని వచ్చేది వాళ్లే, కడప నుంచో తిరుపతి నుంచో వచ్చే అతిథికి బస్టాండుకు ఎదురుపోయేదీ వాళ్లే. అయినా నువ్వు మాత్రం 9.30కే పో. ఆ గంటన్నర ఖాళీలో రాసేవాళ్లంతా మండపం మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకోని కూర్చోనుంటారు, ఎవరి కాడికైనా పోయి పలకరించొచ్చు, సభ మొదలైనాక వాళ్లు స్టేజీ మీదికి పోతారు, మళ్లీ దొరకరు.

పోయినేడాది నేను పోయినచోట గేటుకు అప్పుడే ఫ్లెక్సీ కడుతున్నారు. చూస్తే ఒకాయన ఫోటో కింద "ప్రముఖ కపి" అని పడింది. కట్టే పిల్లోళ్లు నవ్వు ఆపుకోలేక నిచ్చెన దిగేసినారు. ఆ కవి గారు ఏం కోపం చేసుకోలా, లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చుకోని, ఎక్కి, నల్ల స్కెచ్ పెన్నుతో ప మీద గీత కలిపి వ చేసినారు, దిగి చేతులు దులుపుకోని "ఈ పూటకు నా రచన అయిపోయింది" అన్నారు. మధ్యాహ్నం ఆయన చదివిన కవిత నాకిప్పుడు ఒక్క లైనూ గుర్తు లేదు, కుర్చీ ఎక్కినది మాత్రం గుర్తుంది.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా ప్రారంభ సభ. నిజం చెప్పాలంటే అది వినకపోయినా నష్టం లేదు, అప్పుడు పిల్లల్ని బయట తిప్పు. ఒంటిగంటకు సన్మానం, శాలువా, ఫోటోలు, చీఫ్ గెస్టు కారు కదులుతాది, దాని వెనక ఇంకో ఆరేడు బండ్లు పోతాయి. అన్నాలు తిని నలభై యాభై మంది మిగులుతారు. అసలు సభ అప్పుడు మొదలైతాది చూడు! కిందటిసారి ఒక కథ మీద మాట్లాడుతుంటే వెనక వరసలో తువ్వాలు తలకు చుట్టుకోని కూర్చున్న రైతు లేచి "సారూ, కథ బాగుంది, కానీ మీరు మఖ కార్తెలో చెనిక్కాయ పీకించినారే, మఖలో ఊడలు దిగుతాంటాయి గానీ కాయ యాడుంటాది?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. రాసినాయన జేబులో నుంచి చీటీ తీసి రాసుకున్నాడు, తర్వాత అరగంట ఇద్దరూ ఒకే కుర్చీల వరసలో కూర్చోని మాట్లాడుకుంటానే ఉన్నారు. ఇట్లాంటిది జైపూర్‌లో నీకు దొరికిందా?

ఇంక దారి. బెంగళూరు నుంచి కడప పక్కకు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాల పోయే లైనులో జమ్మలమడుగుకు స్టేషన్ ఉంది గానీ రైళ్లు తక్కువ, దాన్ని నమ్ముకోని పెళ్లాం పిల్లలతో బయల్దేరద్దు. చిన్న ఊర్లో ఉండే ఒకటో రెండో లాడ్జిలు అతిథులకే పట్టేసుంటారు. ఇన్విటేషన్ కింద ఉండే నంబరుకు వారం ముందే ఫోన్ చేసి నలుగురం వస్తాండాం అని చెప్పు, "మా ఇంట్లోనే పండుకోండి" అంటారు, మొహమాటపడకుండా సరే అను, ఆ ఇంట్లో రాత్రి మిద్దె మీద జరిగే ముచ్చట్లు ఏ ప్రోగ్రాం షీట్‌లోనూ ఉండవు. పిల్లలకు గండికోట చూపించు, జమ్మలమడుగు నుంచి పదహైదు కిలోమీటర్లే, పెన్న రాళ్లను కోసుకోని పోయిన లోయ చూస్తే సభలో విసుక్కున్నదంతా మర్చిపోతారు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ సెకండియర్. కవితలు రాసి ఇన్‌స్టాలో పెడతా. మా జిల్లాలో జరిగే సభలో కవి సమ్మేళనం ఉందంట, చదవాలని ఆశ. అందరూ పెద్దోళ్లు ఉంటారు కదా, నన్ను చదవనిస్తారా? మా అమ్మ అయితే సాయంత్రం ఆరు లోపల ఇల్లు చేరాల్సిందే అంటుంది. (ఉరవకొండ)

జవాబు: చదవనిస్తారు తల్లీ. నిజానికి నువ్వొస్తే సంబరపడతారు, ఎందుకంటే అక్కడ సగటు వయసు అరవై.

ఒక చిన్న కిటుకు ఉంది. పొద్దున్నే పోయి, ఎవరి చేతిలో పొడుగు నోటుబుక్కు ఉందో చూడు. ఆయనే కవుల లిస్టు రాసేది. పేరూ ఊరూ నువ్వే రాయి, వాళ్లు రాస్తే ఇంటిపేరు తప్పు పడుతుంది. పక్కనే "ఆరు గంటల బస్సు" అని కూడా రాయి, ముందు పిలుస్తారు. ఇది చెప్పకపోతే ఏమైతాదంటే ముప్పై నలభై మంది ఉంటారు, అందరికీ రెండు నిమిషాలే అంటారు, ఒక్కొక్కరు ముందుమాటకే మూడు నిమిషాలు తీసుకుంటారు, నీ పేరు వచ్చేసరికి హాల్లో మైకాయన, నువ్వు, అధ్యక్షుడు మిగులుతారు.

ఫోన్ చూసి చదవద్దు. సరిగ్గా రెండో చరణం కాడ స్క్రీన్ ఆరిపోతుంది, లేకపోతే మీ అమ్మ కాల్ వస్తుంది. పెద్దక్షరాల్లో కాగితం మీద రాసుకో. మైకు నోటికి జానెడు దూరం పెట్టుకో, ఊది చూడద్దు, హలో హలో అనద్దు. "నేను చిన్నదాన్ని, తప్పులుంటే మన్నించండి" అనే మాట మాత్రం ఛస్తే అనకు, ఆ మాట అన్నాక తప్పులు వెతకడం తప్ప ఎవరూ ఇంకేం చేయరు. ఒకటే కవిత చదువు, అర్థం చెప్పకు, దిగిపో. చప్పట్లు బాగా పడినాయని రెండోది తీయకు, పడినవి కూడా పోతాయి.

నేను మొదటిసారి చదివినప్పుడు నాకు నీ వయసే. నాలుగో లైనులో కరెంటు పోయింది, మైకు చచ్చిపోయింది, నా గొంతు కూడా దాంతోనే పోయింది. చీకట్లో వెనక నుంచి ఒక ముసలాయన "గట్టిగా సదువు పాపా, మేముండాం" అని అరిచినాడు. కాగితం కనపడక నోటికొచ్చిన కాడికి చెప్పినా, రెండు లైన్లు అప్పటికప్పుడు మారిపోయినాయి, ఇంటికొచ్చి చూసుకుంటే మారిన లైన్లే బాగున్నాయి, పుస్తకంలో అవే వేసినా.

అమ్మ సంగతి అంటావా, అమ్మనే పిల్చుకోని పో.

ప్రశ్న: మీరు అందర్నీ సభలకు పొమ్మని రాస్తున్నారు. నేను హెడ్మాస్టరుగా రిటైరై పదకొండేళ్లైంది, కనీసం యాభై సభలు చూసినాను. వేదిక మీద పదహారు మంది, కింద పదకొండు మంది. ప్రతి ఒక్కరూ వేదిక మీది పదహైదు మంది పేర్లు చెప్పి నమస్కరించేసరికి మధ్యాహ్నం. ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం. చందా ఇచ్చిన వ్యాపారి కవిత్వం మీద అరగంట ఉపన్యాసం. అసలు ఈ సభల వల్ల ఇప్పటిదాకా ఒరిగిందేమిటో ఒక్కటి చెప్పండి చాలు. (కర్నూలు. నాలుగు పేజీల్లో ఇది సారాంశం)

జవాబు: సార్, శాలువాల గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. నాకు ఒక ఊర్లో కప్పిన శాలువా ఇంటికి తెచ్చి మడత విప్పితే లోపల ఇంకొకాయన పేరు రాసిన చీటీ ఉంది, ఆయనకు ఎక్కడో కప్పింది ఆయన ఇంకెవరికో ఇస్తే అది తిరిగి తిరిగి నా మీదికొచ్చింది. నేను కూడా దాన్ని ముందుకే పంపినా, మీ కాడికి వస్తే చెప్పండి. వేదిక మీద పదహారు మంది విషయంలో కూడా మీతో వాదన లేదు. ఐదు మంది చాలు.

చందా ఇచ్చిన వ్యాపారి దగ్గరే నేను కొంచెం ఆగుతా. మీరు చూసిన యాభై సభల్లో టికెట్టు కొని పోయింది ఒక్కటైనా ఉందా? అన్నం ఊరికే, టీ ఊరికే, మండపం ఎవరో మాట సాయం చేస్తే వచ్చింది. అంటే ఎవరో ఒకరు బియ్యం మూటలు ఇచ్చినారు, ఎవరో నూనె డబ్బాలు పంపినారు. ఆయనకు పది నిమిషాలు మైకు ఇయ్యడం అనేది అప్పు తీర్చడం, పది అరగంట కావడం నిర్వాహకుల చేతకానితనం. రెండింటినీ కలపద్దు. మన పక్క చందాలడిగేది కొత్త కాదు, చిన్నతనం కూడా కాదు. మా ప్రొద్దుటూరులో పుట్టిన వావిలికొలను సుబ్బారావు గారు, రామాయణం మొత్తాన్నీ తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న మనిషి, ఒంటిమిట్ట గుడి బాగుచేయించేదానికి టెంకాయ చిప్ప చేత పట్టుకోని ఊరూరూ తిరిగి అడిగినారు, ఆ చిప్ప మీదే ఒక శతకం రాసినారు. మరి మన మందుల షాపాయన రసీదు బుక్కు పట్టుకోని తిరిగితే తప్పేముంది?

ఒరిగింది ఒక్కటి చెప్పమన్నారు. మీరు మీ ఉత్తరంలో మూడుసార్లు "మన రాయలసీమ" అని రాసినారు. ఆ పేరు మీకు ఒక సభలోనే వచ్చింది సార్. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాడని ఆ సభ దాకా మనల్ని దత్తమండలం అనేవాళ్లు, ఇంగ్లీషులో ఇంకా అధ్వానంగా, ఎవరో ఎవరికో రాసిచ్చిన జిల్లాలని. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు లేచి ఈ ప్రాంతాన్ని రాయలసీమ అందామన్నారు, అదే నిలిచింది. ఆ సభ కూడా ఆలస్యంగానే మొదలై ఉంటాదని నా అనుమానం.

ప్రశ్న: అక్కా, పోయినసారి పోతే ఆరుగురు కవులు ఆరు సంపుటాలు ఊరికే చేతిలో పెట్టినారు. చదవకపోతే పాపమా? (ప్రొద్దుటూరు)

జవాబు: పాపమేం కాదు. ఒక్కటి మాత్రం చదివి ఆయనకు ఫోన్ చేసి ఫలానా పేజీలో ఫలానా లైను బాగుందని చెప్పు, వారం రోజులు భూమ్మీద నడవడు. ఇంకొకటి, సొంత డబ్బుతో అచ్చేయించుకున్న పుస్తకం అది, ఊరికే తీసుకోకుండా వెనకట్ట మీది ధర ఇచ్చెయ్. వంద, యాభై నోట్లు పెట్టుకోని పో. మండపం లోపల సిగ్నల్ రాక ఫోన్ పే తిరగతానే ఉంటాది, వెనక పదిమంది నిలబడి ఉంటారు.

ప్రశ్న: మా ఊరి పక్కన సభల్లో రెండో రోజు సాయంత్రం అష్టావధానం అని వేసినారు. మా నాయన రా రా అంటున్నాడు. నాకు ఛందస్సు రాదు, పద్యం అర్థం కాదు. కూర్చోని ఏం చేయాలి? (కదిరి)

జవాబు: నీకు క్రికెట్ రూల్సు అన్నీ తెలిసే మొదటి మ్యాచ్ చూసినావా అబ్బాయ్? పో, చూడు, అదే అర్థమైతాది.

విషయం ఇది. మధ్యలో అవధాని ఒక్కడు, చేతిలో కాగితం లేదు, కలం లేదు. చుట్టూ ఎనిమిది మంది, వాళ్లను పృచ్ఛకులు అంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో రకం ఇబ్బంది. ఒకాయన ఒక పిచ్చి పాదం ఇచ్చి దీంతో పద్యం ముగించు అంటాడు, అది సమస్య. ఒకాయన సంబంధం లేని నాలుగు మాటలిచ్చి ఇవి నాలుగూ పెట్టి రామాయణం మీద చెప్పు అంటాడు, అది దత్తపది. అన్నింటికంటే కడుపు మండేది నిషిద్ధాక్షరి, అవధాని ఒక అక్షరం చెప్తూనే తర్వాత ఏ అక్షరం వస్తాదో పృచ్ఛకుడు ఊహించి అది వద్దు అంటాడు, ఈయన ఇంకో దారి వెతుక్కోవాల. ఇంతలో ఒకరు ఎప్పుడంటే అప్పుడు గంట కొడతా ఉంటారు, చివర్లో ఎన్ని కొట్టినారో చెప్పాల. ఇవన్నీ చాలవన్నట్టు పక్కనే అప్రస్తుత ప్రసంగి అని ఒకడు, వాడి పనే అడ్డమైన ప్రశ్నలేసి దారి తప్పించడం, నీలాంటోళ్లకు సగం వినోదం వాడి దగ్గరే దొరుకుతాది.

ఒక పృచ్ఛకుడి దగ్గర పద్యం మొత్తం ఒకేసారి చెప్పరు. ఒక్క పాదం చెప్పి పక్కాయన కాడికి పోతారు, అందరి దగ్గరా ఒక చుట్టు అయినాక మళ్లీ మొదటికొచ్చి రెండో పాదం. అట్ల నాలుగు చుట్లు. అన్నీ అయినాక ధారణ, అంటే రెండు మూడు గంటల నుంచి ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ ఆపకుండా వరసగా అప్పజెప్పాల. అప్పుడు చూడాల హాలు, చంటిపిల్లోడు ఏడ్చినా బయటికి ఎత్తుకోని పోతారు.

నేను చూసినదాంట్లో దత్తపదికి ఇచ్చిన మాటల్లో "కారు" ఒకటి. రాముడి మీద చెప్పాల. రాముడికి కారెక్కడిది అని మేమంతా చూస్తాంటే అవధాని తడుముకోకుండా కారుమబ్బు అనేసినాడు, రాముడి రంగు కదా. పద్యం అర్థం కానోళ్లు కూడా ఈల వేసినారు. నా పక్కన గంట కొట్టే పిల్లోడు, ఏడో తరగతి ఉంటాడేమో, ఆ చప్పట్లలో ఎన్ని కొట్టినాడో వాడే మర్చిపోయినాడు. చివర్లో అవధాని పందొమ్మిది అన్నాడు. వాడు బిక్కమొహం వేసుకోని అవును అన్నాడు! నిజంగా పందొమ్మిదేనా అనేది వాడికీ తెలీదు మాకూ తెలీదు.

మన పక్క ఈ విద్యకు పాత పేరుంది. రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని ఇద్దరూ ప్రొద్దుటూరు వాళ్లే. మీ నాయన రమ్మంటున్నాడంటే ఊరికే కాదు.

ప్రశ్న: నేను తెలంగాణ వాణ్ని. అనంతపురం, కడప పక్క సభలకు మొదటిసారి వస్తున్నా. పోకముందు ఏం చదవాలి? ఒక రోజు ఎక్కువ ఉంటే ఏం చూడాలి? (హైదరాబాద్)

జవాబు: చదివి వస్తే మంచిదే అన్నా, కానీ పరీక్షకు చదివినట్టు చదవద్దు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు నాలుగైనా చదవండి, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అది. ఆయన కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసినారు, ఆ సంగతి తెలిసి బస్సులో కూర్చుంటే బోర్డు మీది ప్రతి ఊరి పేరూ కథ మాదిరి కనపడతాది. అనంతపురం పోతే బండి నారాయణస్వామి గారి శప్తభూమి, 2019లో అదీ అకాడమీ అవార్డు పొందింది, లావుంది గానీ చేతిలో పట్టుకుంటే వదలరు. కర్నూలు మీదుగా వచ్చేటట్టయితే కాశీభట్ల వేణుగోపాల్, కానీ ఆయన మన కరువు కథల మనిషి కాదు, మనిషి లోపలి చీకట్లో తిరుగుతాడు, సీమంటే ఫ్యాక్షన్, కరువు రెండే అనుకోని వచ్చేవాళ్లకు ఆయన మందు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం సినిమాగా చూసుంటారు, నవల చదవండి, కరువులో గొర్రెల్ని నల్లమల ఎక్కించే కాపరుల అడుగులు అందులో ఉన్నంత దగ్గరగా తెరమీద లేవు. విద్వాన్ విశ్వం గారి పెన్నేటి పాట దొరికితే పెన్న ఒడ్డున కూర్చోని చదవండి, నీళ్లుండవు, ఇసక ఉంటాది, అదే సరైన చోటు.

చూసేదానికి కడపలో సి.పి. బ్రౌన్ లైబ్రరీ ముందు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చేసరికి ఇరవై రెండు కూడా నిండని పిల్లోడు, కంపెనీ ఉద్యోగం, తెలుగు అప్పుడే నేర్చుకుంటున్నాడు. సొంత డబ్బుతో ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకుల మీది పుస్తకాలకు శుద్ధప్రతులు రాయించినాడు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కింది ఆయన చేతి మీదే. ఆ బంగళా ఉన్న జాగాలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి లైబ్రరీ నిలబెట్టినారు, ఇప్పుడది యోగి వేమన యూనివర్సిటీ కింద ఉంది. శాస్త్రి గారు కూడా చందాలే అడిగినారు, పైన కర్నూలు సారు గమనించాల.

ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల అని ఊరు. క్రీ.శ. 575 నాటిదని చెప్పే తొలి తెలుగు శాసనం అక్కడిది, రేనాటి చోళుల్లో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. ఊర్లో ఎవర్నడిగినా గుడి దారి చూపిస్తారు, బోర్డులు వెతుక్కోవద్దు. ఇంక రాజంపేట దగ్గర తాళ్లపాక, దారిలోనే ఒంటిమిట్ట. కదిరి పక్కకు పోతే కటారుపల్లిలో వేమన సమాధి. అన్నీ ఒకే రోజు చుట్టేద్దామనుకోవద్దు, ఎండలో చచ్చిపోతారు, ఒకటి చూసి చెట్టు కింద కూర్చోండి.

ప్రశ్న: మేం ఐదుగురం స్నేహితులం. మా పల్లెలో కూడా ఇట్లాంటిది పెట్టాలని ఉంది. ఊరి పెద్దలేమో "పల్లెలో పుస్తకాల పండగ ఎవరు చూస్తారు" అని నవ్వుతున్నారు. ఎప్పుడు పెట్టాలి, ఎట్లా మొదలుపెట్టాలి? (ఆదోని దగ్గర పల్లె)

జవాబు: నవ్వేవాళ్లకు రెండు ఊర్ల పేర్లు చెప్పండి. బ్రిటన్‌లో వేల్స్ సరిహద్దున హే-ఆన్-వై అని ఊరు, జనం రెండు వేలు కూడా ఉండరు. అక్కడ రిచర్డ్ బూత్ అని ఒకాయన పాత పుస్తకాల షాపులు పెట్టి పెట్టి, 1977 ఏప్రిల్ ఒకటిన ఈ ఊరు స్వతంత్ర రాజ్యం, నేనే రాజు అని ప్రకటించుకున్నాడు, ఏప్రిల్ ఫూల్ తమాషానే గానీ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. 1988 నుంచి అక్కడ జరిగే సాహిత్య పండగకు ఎక్కడెక్కడి నుంచో జనం పోతారు. అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో పంచగని దగ్గర భిలార్ అని స్ట్రాబెర్రీలు పండించే పల్లె, 2017లో అక్కడి ప్రభుత్వం దాన్ని పుస్తకాల ఊరు చేసింది, ఇండ్లలోనే పుస్తకాలు పెట్టినారు, ఎవరైనా లోపలికి పోయి కూర్చోని చదువుకోవచ్చు.

ఎప్పుడు పెట్టాలనేది మాత్రం మీ ఊరి పంట చూసి చెప్పాల. మా కడప పక్క నిర్వాహకులు పుష్యమాసం పట్టుకుంటారు, ఎందుకంటే అది శూన్యమాసం, పెళ్లిళ్లుండవు, కళ్యాణ మండపం ఖాళీ, అడిగితే ఊరికే ఇస్తారు, చెనిక్కాయ ఇంటికొచ్చుంటాది, ఎండ ఉండదు. ఆషాఢంలో కూడా మండపం ఖాళీనే గానీ అప్పుడు వాన పడితే రైతు చేలోనే ఉంటాడు, సభకు ఎవరొస్తారు? మీకు పుష్యం కుదరదు. పత్తి ఏరేది అయిపోయుండదు, అదీకాక మీ పక్క సగం ఊరు సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయుంటాది, తాళాలేసిన ఇండ్ల ముందు కవిత్వం చదువుతారా. వాళ్లు ఉగాదికి ఇండ్లకొస్తారు కదా, అప్పుడు పెట్టండి. కవి సమ్మేళనం ఎట్లాగూ ఉగాది వంటకమే. ఒక చిక్కు, పదో తరగతి పరీక్షల టైము అది, పొద్దున మైకు పెడితే తల్లిదండ్రులు కొడతారు, సాయంత్రం చల్లపొద్దు నుంచి పెట్టుకోండి. కన్నడం వాళ్లకూ అదే పండగ, మీ ఊర్లో రెండు భాషలూ మాట్లాడతారు, అవతలి పక్క నుంచి ఇద్దరు కన్నడ కవుల్ని పిలవండి, ఇంత సులువు ఇంకెవరికీ దొరకదు.

మొదటి ఏడు ఒక్క పూట చాలు. శాలువాలు వద్దు, మెమెంటోలు వద్దు, ఆ డబ్బుతో వచ్చినోళ్లకు కడుపునిండా జొన్నరొట్టె పెట్టండి. సుగ్గికి పోయొచ్చిన ఆడోళ్లను స్టేజీ ఎక్కించండి, చేలో పాడుకునే పాటలు వాళ్లకు వచ్చినన్ని ఏ కవికీ రావు, బతిమాలాల్సొస్తుంది, మొదట నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంటారు, ఒకామె మొదలుపెడితే తర్వాత ఆపలేరు. చీఫ్ గెస్టును పిలవాల్సిందే అంటే పిలవండి, కానీ చివర్న మాట్లాడించండి. కారు కదలకుండా ఉండాలంటే అదొక్కటే దారి, ఇది నేను చూసి నేర్చుకున్నది.

ప్రశ్న: చిన్న ప్రశ్న మేడమ్, నవ్వద్దు. సభలో టిఫిన్ పెడతారా, తిని పోవాలా? (తాడిపత్రి)

జవాబు: నవ్వేదేముంది, నాకొచ్చిన వాటిల్లో పనికొచ్చే ప్రశ్న ఇదే. పెడతారు. మన పక్కయితే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. తొమ్మిది లోపల పోండి, మైకాయనా కుర్చీల ఆటో పిల్లోళ్లూ ముందు కూర్చుంటారు, వాళ్లు లేచేసరికి బజ్జీలు సగం అయిపోతాయి. పది దాటితే ఉప్మా ఉంటాది, ఉప్మా తినేదానికి తాడిపత్రి నుంచి ఎందుకు, ఇంట్లోనే తినొచ్చు.